తాళంచెవి ఎవరి దగ్గర?

మా వాడలో ఇప్పటికే ఒక సామాజిక భవనం ఉంది. ఎప్పుడో ఒక పథకం కింద కట్టించారు. గోడకు శిలాఫలకం ఉంది. ప్రారంభించినవారి పేరు, అధ్యక్షత వహించినవారి పేరు, విశిష్ట అతిథుల పేర్లు దాని మీద చెక్కి ఉన్నాయి. అందులో మా వాడ మనిషి పేరు ఒక్కటీ లేదు. అదేమంత విశేషం కాదు, శిలాఫలకాల ధర్మమే అంత. అసలు సంగతి తాళంచెవిది. భవనం మా వాడలో ఉంటే తాళంచెవి ఊళ్ళో ఉండేది. నిశ్చితార్థానికో, అంబేద్కర్ జయంతికో, పరీక్షల ముందు పిల్లలు రాత్రిపూట కూర్చోవడానికో ఆ గది కావాలంటే ఊళ్ళోకి పోయి, అరుగు కింద నిలబడి అడగాలి. ఒక్కోసారి ఇచ్చేవారు. ఒక్కోసారి 'లోపల సరుకుంది' అనేవారు. నిజంగానే సరుకుండేది: ఎరువుల బస్తాలు, టమాటా పెట్టెలు, ఎన్నికలప్పటి జెండా కర్రలు. కొన్నేళ్ళకు పైకప్పు కారడం మొదలైంది. సరుకు పాడవుతుందని దాన్ని తీసేశారు. అప్పుడు మాత్రం తాళంచెవి తెచ్చి మా చేతికిచ్చారు.

అటువంటి వాడలో ఏడాదిన్నరగా కుర్రవాళ్ళు తమ సొంత భవనం కట్టుకుంటున్నారు. ముప్పై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు. గోడలు లేచాయి, కిటికీల పైవరకూ వచ్చాయి, స్లాబు ఇంకా పడలేదు. కురబలకోట మండలంలోని వాడ అది. పేరు రాయడం లేదు. స్థలం కాగితం ఇంకా చేతికి రాలేదు. పేరు పత్రికకెక్కితే ఆ పిల్లలకు మేలు జరుగుతుందో కీడు జరుగుతుందో నేను చెప్పలేను. నేనక్కడ పుట్టినవాణ్ణి. ఉద్యోగరీత్యా వేరేచోట పాఠాలు చెప్పుకుంటూ సెలవులకు వచ్చిపోయేవాణ్ణి. మొదటిసారి ఈ కబురు విన్నప్పుడు 'ఉన్నదాన్ని బాగు చేసుకోకుండా ఇంకొకటి దేనికి' అని అడిగినవాళ్ళలో నేనూ ఉన్నాను. నా ప్రశ్న ఎందుకు తప్పో చెప్పడానికే ఈ వ్యాసం.

కురబలకోట పేరులోనే కులం ఉంది. గొర్రెలు కాచుకుని బతికిన కురబల పేరు మీద వెలసిన ఊరు. ధర్మవరం–పాకాల రైలుమార్గంలో ఒక చిన్న స్టేషను. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు మదనపల్లె ప్రాంతం కడప జిల్లా నుంచి వచ్చి అందులో చేరింది. 2022లో అన్నమయ్య జిల్లాలోకి మారింది. జిల్లాలు మారినా వాడ ఊరికి ఏ దిక్కున ఉండాలని పూర్వీకులు నిర్ణయించారో ఆ దిక్కునే ఉంది.

చదువు విషయంలో మాది పేరున్న ప్రాంతం. దేశంలో అందరూ చెప్పుకునే ఋషివ్యాలీ పాఠశాల మా మండలంలోనిదే. అంగళ్ళులో ఇంజనీరింగు కళాశాల ఉంది. పక్కనే మదనపల్లె. జిడ్డు కృష్ణమూర్తి 1895లో పుట్టిన ఊరు అది. అనిబిసెంటు స్థాపించిన దివ్యజ్ఞాన కళాశాల 1915 నుంచీ అక్కడ ఉంది. 1919లో ఆ కళాశాలకు వచ్చిన రవీంద్రనాథ్ ఠాగూర్ 'జనగణమన'ను ఇంగ్లీషులోకి అనువదించింది అక్కడే. ఈ సంస్థల మీద నాకు ఫిర్యాదు లేదు, వాటివల్ల బాగుపడ్డ పేద పిల్లలను ఎరుగుదును. అయితే ఒక చిన్న లెక్క మాత్రం చెప్పాలి. మా వాడలో ఇంటిపన్ను కట్టే ప్రతి కుటుంబమూ దానితోపాటు గ్రంథాలయ పన్ను కడుతోంది. గ్రంథాలయాల చట్టం ప్రకారం పన్ను రూపాయికి ఎనిమిది పైసలు. చిన్న మొత్తమే కానీ ఏటా కట్టేది. అంటే పుస్తకాల గది కోసం మేం ఏళ్ళ తరబడి సొమ్ము చెల్లిస్తూనే ఉన్నాం. గది మాత్రం మా దాకా రాలేదు. వాడలో పదో తరగతి పిల్ల వీధిదీపం కింద చదువుకోవడం పత్రికలకు మంచి ఫోటో అవుతుంది కాబట్టి ఆ ఫోటోలు వచ్చాయి.

అసలు ఆలోచన భవనంతో మొదలు కాలేదు. వాడలో ఏ యువజన సంఘమైనా మొదట తలపెట్టేది అంబేద్కర్ విగ్రహం. 1985 జూలై 17న కారంచేడు జరిగాక, చీరాల శిబిరం నుంచి దళిత మహాసభ పుట్టాక, తెలుగునేల మీద వాడవాడలా వెలసిన అంబేద్కర్ యువజన సంఘాలకు ఆ విగ్రహమే తొలి ఉమ్మడి ఆస్తి. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవారితో నేను ఏకీభవించను. కూలీ డబ్బుల్లోంచి చందాలేసుకుని నిలబెట్టిన ప్రతి విగ్రహమూ 'ఈ మూడడుగుల నేల మాది' అన్న ప్రకటనే. మా పిల్లలూ విగ్రహం కోసమే కూర్చున్నారు. డిగ్రీ రెండో సంవత్సరం చదివే ఒక అమ్మాయి ఆ సమావేశంలో అడిగిందట: 'ఆయన చేతిలో పుస్తకం ఉండాది. మనం పుస్తకం పెట్టుకునేదానికి చోటు యాడుండాది?' ఈ మాట నాకు చెప్పినవాడు ఆ అమ్మాయి అన్న. చెబుతూ కొంచెం సిగ్గుపడ్డాడు కూడా. తాను విగ్రహం వైపు చెయ్యెత్తినవాడు.

ఇక కట్టడం సంగతి. మా వాడ మగపిల్లల్లో చాలామంది బేల్దారి పనిలో ఉన్నారు. కొందరు మదనపల్లెలో, కొందరు బెంగుళూరులో. ఇతరుల మేడలు, ఇతరుల కళ్యాణ మండపాలు, ఇతరుల కులసంఘాల భవనాలు కట్టి వచ్చినవాళ్ళు. గోడకు తూకం చూడడం, కమ్మీ కట్టడం, సెంట్రింగు కొట్టడం వాళ్ళకు చేతనైన విద్య. ఆ విద్యతో తమకోసం కట్టుకున్నది అప్పటిదాకా ఏమీ లేదు. ఇళ్ళు కూడా పథకాలు ఇచ్చిన కొలతల్లో కట్టినవే. ఈ భవనానికి ముగ్గు పోసిన రోజున కొలతబద్ద పట్టుకున్నవాడు, బెంగుళూరులో పద్నాలుగు అంతస్తుల పని మీద ఉన్నవాడు, చాలాసేపు దారం అటూ ఇటూ జరుపుతూ ఉండిపోయాడు. ఎవరో విసుక్కుంటే 'ఇంజనీరు చెప్పకుండా గీత గీయడం ఇదే మొదలన్నా' అన్నాడు. ఒక పెద్దాయన ఈశాన్యం పెరగాలన్నాడు. ఉన్న స్థలమే మూలకోసు, అందులో ఈశాన్యం పెరగాలంటే రోడ్డులోకి పోవాలి. వాస్తు అక్కడితో సరి.

ఆదివారం పని. వారమంతా ఊరివాళ్ళకో నగరానికో చాకిరీ చేసి వచ్చినవాళ్ళు ఆరోజు ఉచితంగా చేస్తారు. ఆడవాళ్ళు నీళ్ళు మోస్తారు, ఇటుకలు అందిస్తారు. సిమెంటు, కమ్మీ, కంకర కొనాలి కాబట్టి నెలకింత చందా. చందా ఎందుకు ఆగిపోయింది అన్నదానికి టమాటా మార్కెట్టులో కారణం వెతకడం మా ప్రాంతపు అలవాటు. 2023 జూలై చివర మదనపల్లెలో కిలో టమాటా రెండు వందల రూపాయల దాకా పోయింది. దేశమంతా ఆ వార్త చదివింది. ఆ రోజుల్లో కాయలు కోసిన కూలీకి రోజుకూలి ఎంత పెరిగిందో ఎవరూ రాయలేదు. రాయడానికి అక్కడ పెద్దగా ఏమీ లేదు. మరి రెండు నెలలకే ధర కూలిపోయి కాయలు తోటలోనే వదిలేసినప్పుడు ముందుగా పోయింది ఆ కూలీ పనే. లాభంలో పాలు లేనివాళ్ళకు నష్టంలో పాలు తప్పదు. అటువంటి ఇళ్ళనుంచి నెలకు వంద రూపాయలు తీసుకుని, ఖర్చుపెట్టిన ప్రతి పైసా ఒక నోటుపుస్తకంలో రాసి, నెలాఖరున అందరి ముందూ చదివి వినిపిస్తున్నారు ఈ పిల్లలు. నేను చూసిన చాలా సంస్థల వార్షిక నివేదికలకన్నా ఆ నోటుపుస్తకం శుభ్రంగా ఉంది.

ఇది కొత్త విషయమని అనుకునే విద్యార్థి మిత్రులకు ఒక పాత కథ గుర్తు చేయాలి. పాఠ్యపుస్తకాల్లో దానికి దక్కిన చోటు తక్కువ. 1906లో హైదరాబాదులో ఒక పద్దెనిమిదేళ్ళ మాల కుర్రవాడు 'జగన్మిత్ర మండలి' పెట్టాడు. 1888 మే 22న పుట్టిన మాదరి భాగయ్య అతడు. తర్వాత భాగ్యరెడ్డి వర్మగా ప్రసిద్ధుడయ్యాడు. చేతిలో డబ్బు లేదు, వెనుక జమీందారు లేడు. హరికథలు చెప్పించి జనాన్ని పోగుచేశాడు. అంటరానివాళ్ళ గుమికూడడానికి చోటివ్వని నగరంలో ముందు గుమిని తయారుచేసి, చోటు తర్వాత వెతుక్కున్నాడు. ఈ వరుస గమనించదగింది. 1910లో ఇసామియా బజారులో బడి తెరిచాడు. 1911లో మండలి 'మాన్య సంఘం' అయింది. 1933 నాటికి బడులు ఇరవై ఆరు, పిల్లలు సుమారు 2500 మంది. చాదర్‌ఘాట్‌లో 'ఆది హిందూ భవన్' వెలసింది. సభలకూ పత్రికకూ చదువులకూ అదొక ఇల్లు.

భాగ్యరెడ్డి వర్మ కథలో నన్ను నిలబెట్టే ఘట్టం ఇంకొకటుంది. 1917 నవంబరులో బెజవాడలో ఆంధ్రదేశపు పంచముల మహాసభ జరిగింది. అధ్యక్షుడిగా ఆయన్ని పిలిచారు. సభ పేరులో ఉన్న 'పంచమ' అన్న మాటనే ఆయన ఒప్పుకోలేదు. ఈ నేలకు మేమే మొదటివాళ్ళం అన్నాడు. సభ 'ఆది ఆంధ్ర' మహాసభ అయింది. అయిదేళ్ళలో, 1922లో, మద్రాసు ప్రభుత్వం తన కాగితాల మీద ఆ పేరునే రాయవలసి వచ్చింది. ఆ సభలు జరిగినన్ని రోజులూ కనకదుర్గ గుడి తలుపులు మూసి ఉంచారని చరిత్రకారులు రాశారు, ఎక్కడ లోపలికి వచ్చేస్తారోనన్న భయంతో. అక్కడికి వచ్చినవాళ్ళు గుడి అడగలేదు. బడులు, బావులు, భూములు అడిగారు. తమ సభను తామే జరుపుకున్నారు, తమకు తామే పేరు పెట్టుకున్నారు. సొంతంగా కూర్చునే చోటు లేకుండా ఆ పని జరిగేది కాదు. ఇతరుల అరుగు కింద నిలబడి ఎవరూ తమ పేరు మార్చుకోలేరు.

గుడి మాట వచ్చింది కాబట్టి ఇప్పటి సంగతి కూడా. దళితవాడల్లో అయిదువేల ఆలయాలు కట్టిస్తామన్న ప్రకటన 2025లో వచ్చింది. అంతకుముందు నుంచే శ్రీవాణి ట్రస్టు నిధులతో వాడల్లో గుడులు లేస్తున్నాయి. వందేళ్ళ కిందట తలుపులు మూసుకున్న గుడి ఇప్పుడు వాడకే నడిచి వస్తోంది. భక్తి ఉన్నవాళ్ళ భక్తిని నేను కాదనను. మా అమ్మకు ఉంది. మా వాడలో భజనగుడి ఉంది, ప్రార్థనకు పోయే కుటుంబాలూ ఉన్నాయి. కానీ వాడ అడగకముందే గుడి మంజూరవుతుంది, అడిగి అడిగి నోరు నొప్పి పుట్టినా చదువుకునే గది మంజూరు కాదు. ఈ తేడాకు అర్థం వెతకాల్సిన పని రాజకీయ పాఠకులది.

'సొంతంగా కట్టుకుంటే ప్రభుత్వాన్ని బాధ్యత నుంచి తప్పించినట్టు కాదా?' ఈ ప్రశ్న నన్ను వామపక్ష మిత్రులొకరు అడిగారు. గట్టి ప్రశ్న. ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళిక చట్టం 2013లో వచ్చింది. జనాభా నిష్పత్తిలో నిధులు కేటాయించాలనీ, వాటిని దారి మళ్ళించకూడదనీ దాని ఉద్దేశం. పదేళ్ళ గడువు తీరాక 2023లో ఆంధ్రప్రదేశ్‌లో మరో పదేళ్ళు పొడిగించారు. పార్లమెంటు సభ్యుడికి ఏటా వచ్చే అయిదు కోట్ల నియోజకవర్గ నిధుల్లో 15 శాతం, అంటే 75 లక్షలు, ఎస్సీలు నివసించే చోట్ల ఖర్చుపెట్టాలని మార్గదర్శకాలే చెబుతున్నాయి. ఇదంతా ఎవరి దయా కాదు. మా పిల్లలు వంద రూపాయలు చందా వేసుకున్నారు కనుక ఆ డబ్బు మిగిలిపోవాలని ఏ చట్టమూ చెప్పలేదు. వచ్చిన రోజున తీసుకోవలసిందే, రాకపోతే పోట్లాడవలసిందే.

అయితే ఎలా తీసుకోవాలన్నది వేరే సంగతి. 2024 జనవరి 19న విజయవాడ స్వరాజ్ మైదానంలో పీఠంతో కలిపి 206 అడుగుల అంబేద్కర్ విగ్రహం ఆవిష్కరించారు. నాలుగు వందల కోట్లకు పైగా ఖర్చయింది. నేను వెళ్ళి చూశాను, తలెత్తి చూసి మెడ నొప్పి పెట్టినా గర్వపడ్డాను. పక్కన నిలబడ్డ ఒక తల్లి బిడ్డకు ఆయన బూట్లు చూపిస్తోంది. అదొక రకం గర్వం, దానికి విలువ ఉంది. కానీ ఆ మైదానంలో ఏం జరగాలో, ఎవరు మాట్లాడాలో, గేటు ఎప్పుడు తెరవాలో ప్రభుత్వాలు నిర్ణయిస్తాయి. మారిన ప్రతి ప్రభుత్వమూ మళ్ళీ నిర్ణయిస్తుంది. మా వాడ పాత భవనం ఆ మైదానానికి మరీ చిన్న నమూనా. పైనుంచి వచ్చిన ప్రతిదానికీ తాళంచెవి పైనే ఉంటుంది. నిర్మాణం మొదలయ్యేటప్పటికే యాజమాన్యం వాడ చేతిలో ఉంటే, తర్వాత స్లాబుకు ప్రభుత్వం డబ్బిచ్చినా అది వాడ భవనమే. పునాది ఎవరు వేశారన్నది అందుకే ముఖ్యం. నా మిత్రుడికి ఈ సమాధానం పూర్తిగా నచ్చలేదు. నాకూ దీనిలో కొంత సందేహం మిగిలే ఉంది: వాడకు ఓపిక ఉన్నచోట సరే, కూలికి వలసపోయి మనుషులే మిగలని వాడల మాటేమిటి?

యాజమాన్యం అన్న మాటను పిల్లలు తేలిగ్గా తీసుకుంటున్నారని నా భయం. అంబేద్కర్ స్వయంగా పడ్డ తంటాలు వాళ్ళకు చెప్పాను. 1924 జూలైలో బొంబాయిలో బహిష్కృత హితకారిణి సభ పెట్టినప్పుడు ఆయన చేపట్టిన పనులు వసతిగృహం, చదువుకునే గదుల వంటివే. 1925లో షోలాపూరులో వసతిగృహం తెరిచారు. ఆ తర్వాత బొంబాయిలో తన జనానికి ఒక సొంత భవనం ఉండాలని నిధి పోగుచేశారు. దాదర్‌లో అంబేద్కర్ భవన్, ఆయన ముద్రణాలయం ఆ ప్రయత్నపు ఫలితాలు. 2016 జూన్ 25 తెల్లవారేసరికి ఆ కట్టడాలు నేలమట్టమయ్యాయి. కూల్పించింది ఏ అగ్రకుల మూకో కాదు. ఆస్తి తమదన్న ట్రస్టువాళ్ళు, శిథిలమైపోయిందన్న కారణం చూపి కూల్పించారు. అంబేద్కర్ మనుమలు వ్యతిరేకించారు, జూలైలో వేలాదిమంది ముంబై వీధుల్లోకి వచ్చారు. భవనం మాత్రం పోయింది. చందా ఇచ్చిన వేల చేతుల పేర్లు ఏ కాగితం మీద ఉన్నాయి? ట్రస్టీల పేర్లే కాగితం మీద ఉంటాయి.

కాబట్టి నోటుపుస్తకం చాలదు. ఏడుగురు కలిస్తే 2001 నాటి సంఘాల నమోదు చట్టం కింద సంఘం నమోదు చేసుకోవచ్చు. నియమావళిలో ఏం రాస్తే ఆ ప్రకారం నడుస్తుంది. నమోదు ఫారం నింపే ముందు, ఎవరి తర్వాత ఎవరు, ఎన్నాళ్ళకొకసారి ఎన్నిక, భవనాన్ని అమ్మడానికో తాకట్టు పెట్టడానికో ఎవరికీ అధికారం లేకుండా ఎలా రాయాలి అని రెండు రాత్రులు కూర్చుని మాట్లాడారు. స్థలం పోరంబోకు. దశాబ్దాలుగా వాడ పిల్లలు ఆడుకున్న జాగా. దాని కాగితం కోసం అర్జీ పెట్టారు. కాగితం లేకుండా గోడలు లేపడం తప్పని ఒక న్యాయవాది మిత్రుడు మందలించాడు. అతను చెప్పింది చట్టం. మా వాడలో పాత ఇళ్ళన్నీ ముందు గోడ, తర్వాత కాగితం. అలా కాకపోతే ఏ ఇల్లూ ఉండేది కాదు.

ఇప్పుడు మా లోపలి సంగతులు. ఇవి రాయకపోతే ఈ వ్యాసం రాసి ప్రయోజనం లేదు.

మా వాడ నిజానికి రెండు వీధులు. ఒకటి మాలలది, ఒకటి మాదిగలది. 1994 జూలైలో ఈదుమూడిలో దండోరా మోగినప్పటినుంచి వర్గీకరణ ప్రశ్న ప్రతి వాడలోనూ ఉంది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణను సమర్థించింది. 2025లో మన రాష్ట్రంలో 15 శాతాన్ని మూడు భాగాలు చేశారు: ఒకటి, ఆరున్నర, ఏడున్నర. నేను మాలను, వర్గీకరణ న్యాయమేనని నమ్ముతాను. ఆ మాట అన్నందుకు మా వీధిలో కొందరు నాతో మాట్లాడడం మానేశారు. ఆ రోజుల్లో ఈ భవనం పని ఆరు వారాలు ఆగిపోయింది. రెండు వీధులకు రెండు భవనాలు కట్టుకుందామన్న ప్రతిపాదన కూడా వచ్చింది. పని మళ్ళీ ఎలా మొదలైందో ఎవరూ నాకు సరిగా చెప్పలేదు. ఒక ఆదివారం మాదిగ వీధి బేల్దారి ఒకడు ఒంటరిగా వచ్చి, ఎండకు బీటలిస్తున్న గోడకు నీళ్ళు కొడుతూ కనిపించాడట. తడపకపోతే గోడ పాడవుతుంది, వాడి పనివాడి మనసు దానికి ఒప్పుకోలేదు. మరుసటి వారం మరో నలుగురు వచ్చారు. రిజర్వేషన్ల పేచీ తేలలేదు. గోడ నిలిచింది.

రెండోది ఆడపిల్లల ప్రశ్న. విగ్రహం బదులు గది అడిగింది అమ్మాయే అయినా నిర్మాణ సంఘంలో మొదట అందరూ మగవాళ్ళే. గది అయ్యాక సాయంత్రాలు అక్కడ ఎవరు కూర్చుంటారన్నదాని మీద అమ్మాయిలకు భ్రమలు లేవు. చెట్టు కింద ఎవరు కూర్చుంటున్నారో వాళ్ళే. వాళ్ళు పెట్టిన షరతులు రెండు: స్లాబుకన్నా ముందు మరుగుదొడ్డి కట్టాలి, సాయంత్రం ఆరునుంచి ఎనిమిది వరకు గది చదువుకునేవాళ్ళదే కావాలి. మరుగుదొడ్డి విషయంలో పెద్ద రగడే జరిగింది. 'భవనం లేకుండా దొడ్డి ఏమిటి, ఎవరైనా నవ్వరా' అని మగపిల్లల వాదన. నవ్వితే నవ్వనీ అని అమ్మాయిలు. చివరికి పునాది పక్కనే మరుగుదొడ్డి ముందు లేచింది. ప్రస్తుతం ఆ ఆవరణలో పైకప్పు ఉన్న కట్టడం అదొక్కటే.

పెళ్ళిళ్ళకు అద్దెకివ్వాలా వద్దా అన్నది మూడోది, ఇంకా తేలనిది. అద్దెకిస్తే కరెంటు బిల్లు, సున్నం ఖర్చు వెళ్ళిపోతాయి. పెళ్ళితోపాటు మందు వస్తుంది, మందుతోపాటు తగాదా వస్తుంది, పుస్తకాలు మూలకు పోతాయి. నా ఓటు వద్దనే. కానీ ఊరి మండపాల్లో మా పెళ్ళిళ్ళకు 'ఆ తేదీ ఖాళీ లేదు' అన్న సమాధానం ఎన్నిసార్లు వచ్చిందో తెలిసిన తల్లిదండ్రులు నా ఓటును పట్టించుకోకపోతే వాళ్ళను తప్పుపట్టలేను.

ఇక బయటినుంచి వచ్చే విమర్శ: 'కులం పోవాలంటూ మీరూ కుల భవనమే కడుతున్నారు కదా.' ఈ మాట అనేవారు హైదరాబాదు రెడ్డి హాస్టలు 1918 నుంచీ ఉందని మరచిపోతారు. ప్రతి పట్టణంలోనూ ప్రతి కులానికీ ఉన్న వసతిగృహాలు, సత్రాలు, మండపాలు వాళ్ళ కంటికి పట్టణ శోభగా కనిపిస్తాయి. 2021లో తెలంగాణ ప్రభుత్వం ఖానామెట్‌లో కమ్మ, వెలమ సంఘాలకు అయిదేసి ఎకరాలు కేటాయించింది. హైకోర్టు అడ్డుకునేదాకా దాన్ని కులతత్వమని పిలిచినవాళ్ళు తక్కువ. మా వాడ ఆరువందల చదరపు అడుగుల గదికి మాత్రం ఆ పేరు వెంటనే అతుక్కుంది.

అయినా విమర్శను పక్కకు నెట్టేయలేను. 1924లోనే మద్రాసు ప్రభుత్వం ప్రజల సొమ్ముతో నడిచే రోడ్లు, బావులు, కార్యాలయాలు అన్ని కులాలవాళ్ళకూ తెరిచి ఉండాలని ఉత్తర్వు ఇచ్చింది. అప్పుడు మా ప్రాంతమూ దాని కిందిదే. వందేళ్ళుగా మేం ఊరి చోట్లలోకి అడుగుపెట్టే హక్కు కోసం పోరాడుతున్నాం. ఊరివాళ్ళు మా చోటులోకి వచ్చే ప్రశ్న ఎప్పుడూ తలెత్తలేదు, ఎందుకంటే రావలసిన చోటేదీ మా దగ్గర లేదు. పనికి పిలవడానికి వాడ మొదట్లో నిలబడి కేకేసేవారు, అంతే. పుస్తకాల గది తెరిచాక అది ఊరందరిదీ అని నియమావళిలో రాయించారు ఈ పిల్లలు. మొదటి ఇసుక ట్రాక్టరు ఒక కురబ కుర్రవాడిది. పోలీసు ఉద్యోగ పరీక్షకు చదువుకుంటున్నాడు, అతనికీ ఇంట్లో చోటు లేదు. బాడుగ తీసుకోలేదు. వాళ్ళ నాయన కోప్పడ్డాడని విన్నాను. గది తెరిచాక అతను వచ్చి అక్కడ కూర్చుంటాడా, మంచినీళ్ళు తాగుతాడా, అతని చెల్లెలు వస్తుందా అన్నది నేను ఊహించి చెప్పదలచుకోలేదు.

స్లాబుకు కావలసిన కమ్మీ సగం వచ్చింది. సిమెంటు కొనడానికి ఇంకా డబ్బు చాలదు. వానలకు ముందు వేయకపోతే గోడల మీద పట్టాలు కప్పాలి. తాళం సంగతి మాత్రం తేల్చారు: తాళంచెవులు మూడు చేయిస్తారు. ఒకటి మాల వీధిలో, ఒకటి మాదిగ వీధిలో, ఒకటి ఆ డిగ్రీ అమ్మాయి దగ్గర. వచ్చే ఆదివారం గోడలకు నీళ్ళు కొట్టడం నా వంతు.